గ్యాస్ మాత్రల డబ్బాతో మొదలుపెట్టండి: కడుపు క్యాన్సర్ రాకుండా ఇంట్లో, ఆస్పత్రిలో చేయాల్సిన పనులు

ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరవండి. పాంటాప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్ అని రాసి ఉన్న స్ట్రిప్పులు కనిపిస్తే, అవి ఎవరు వేసుకుంటున్నారో, ఎన్నాళ్ల నుంచో కనుక్కోండి. "ఏదో గ్యాస్‌కి, పొద్దున్నే పరగడుపున ఒకటి" అంటూ ఏళ్ల తరబడి మింగుతున్న మనిషి చాలా ఇళ్లలో ఉంటారు. మెడికల్ షాపువాళ్లు ఇచ్చిందో, ఎప్పుడో ఆర్‌ఎంపీ రాసిందో కూడా గుర్తుండదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మనిషి కోసం, ఆ మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిన మీ కోసం.

ముందే ఒక మాట. గ్యాస్, మంట, తేన్పులు ఉన్నవాళ్లలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు. కాబట్టి ఇది చదివి టెన్షన్ పడొద్దు. కానీ కడుపు క్యాన్సర్ మొదటి దశలో ఉన్నప్పుడు కూడా ఇంతకు మించి లక్షణాలు ఉండవు, చాలామందిలో అసలు ఏ లక్షణమూ ఉండదు. మాత్ర వేసుకుంటే ఆ కొద్దిపాటి మంట కూడా తగ్గిపోతుంది, దాంతో పరీక్ష వాయిదా పడుతుంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 9 లక్షల 70 వేల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది, సుమారు 6 లక్షల 60 వేల మంది దీనితో చనిపోయారు. తొలి దశలో పట్టుకుంటే జపాన్‌లో నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్ల తర్వాత కూడా బతికే ఉంటున్నారు. మన దగ్గర ఎక్కువమంది ముదిరాకే వస్తున్నారు. భయపడాల్సింది ఏదైనా ఉంటే ఈ ఆలస్యం గురించే.

మొదటి పని: ఎవరు వెంటనే వెళ్లాలో తేల్చుకోండి

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా మాత్రలతో, జీలకర్ర కషాయంతో కాలం గడపొద్దు. నేరుగా గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ (కడుపు, పేగుల డాక్టర్) దగ్గరికి వెళ్లి, ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్ష) కావాలా అని అడగండి.

తిండి తగ్గించకుండానే బరువు తగ్గిపోవడం. ముద్ద మింగుతుంటే అడ్డం పడటం. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయి కంచం పక్కకు నెట్టేయడం. ఆగని వాంతులు, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటి నలుపు గానీ. విరేచనం తారులా నల్లగా, జిగటగా, విపరీతమైన వాసనతో రావడం. ఐరన్ మాత్రలు వేసుకున్నా విరేచనం నల్లబడుతుంది గానీ ఇలా జిగటగా ఉండదు. అనుమానంగా ఉంటే డాక్టర్‌కే చెప్పండి.

ఇంకొకటి మనవాళ్లు అసలు లెక్కలోకి తీసుకోరు: కారణం తెలియని రక్తహీనత. మగవాళ్లకు గానీ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు గానీ హిమోగ్లోబిన్ తగ్గితే బెల్లం, ఖర్జూరాలు, ఐరన్ టానిక్ అంటూ మొదలుపెడతారు. ఆ రక్తం ఎటు పోతోందని అడగరు. కడుపులోనో పేగుల్లోనో చుక్కచుక్కగా కారిపోతూ ఉండొచ్చు.

వయసు నలభై ఐదు దాటాక అజీర్తి కొత్తగా మొదలైతే, ఈ లక్షణాలేవీ లేకపోయినా ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇరవై ఏళ్ల నుంచీ ఉన్న గ్యాస్ వేరు, ఈ ఏడాదే మొదలైన గ్యాస్ వేరు. మాటల్లో మాట, ఛాతీలో బరువుగా ఉండి చెమటలు పడుతుంటే దాన్ని గ్యాస్ అనుకోకండి. అది గుండెకు సంబంధించింది కావచ్చు, వెంటనే ఈసీజీ తీయించండి.

ఇక ఏళ్ల తరబడి మాత్ర వేసుకునేవాళ్ల సంగతి. డాక్టర్ చెప్పకుండా సొంతంగా కొనుక్కుంటున్నట్లయితే పద్నాలుగు రోజులే హద్దు. ఆ తర్వాత కూడా అవసరం పడుతోందంటే మాత్ర మార్చాల్సిన పని లేదు, కారణం వెతకాలి. కానీ గుండె జబ్బుకు ఆస్పిరిన్‌తోనో రక్తం పలచబడే మందులతోనో కలిపి డాక్టర్ రాసిచ్చి ఉంటే, అది కడుపులో రక్తస్రావం కాకుండా ఇచ్చిన రక్షణ. అలాంటి మాత్రను మీ అంతట మీరు ఆపకూడదు.

రెండో పని: క్రిమి ఉందో లేదో చూడండి

కడుపు క్యాన్సర్‌కు అన్నిటికంటే పెద్ద కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. డాక్టర్లు హెచ్ పైలోరి అంటారు. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదనీ, అల్సర్లు టెన్షన్ వల్ల, కారం వల్ల వస్తాయనీ వైద్యులే నమ్మిన రోజులుండేవి. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే డాక్టర్లు కలిసి 1982లో ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఎవరూ నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు మొదలయ్యాయి. ఎండోస్కోపీ చేస్తే కడుపు లోపలి పొర వాచి ఉంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ క్రిమిని, క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన వాటి జాబితాలో చేర్చింది.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి, కలుషితమైన నీటి నుంచి, శుభ్రంగా లేని చేతుల నుంచి సోకుతుంది. తనచుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని ఆమ్లాన్ని తట్టుకుంటూ, కడుపు పొర మీది జిగురులో దశాబ్దాల పాటు ఉండిపోతుంది. దానివల్ల పొర ఎప్పుడూ వాచే ఉంటుంది. కొందరిలో క్రమంగా ఆ పొరలోని గ్రంథులు క్షీణిస్తాయి, తర్వాత కడుపు కణాల స్థానంలో పేగు కణాల్లాంటివి మొలుస్తాయి, ఆ తర్వాత వాటిలో కొన్ని గాడి తప్పుతాయి. ఇదంతా జరగడానికి ఇరవై, ముప్పై ఏళ్లు పట్టొచ్చు. అందుకే మధ్యలో ఎక్కడో ఒక చోట అడ్డుకునే అవకాశం ఉంది.

మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఈ క్రిమి ఉంటుంది. అయినా వీళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది నూటికి ఒకరి నుంచి ముగ్గురికే. చిత్రమేమిటంటే ఇంత మందికి క్రిమి ఉన్నా జపాన్, కొరియాలతో పోలిస్తే మన దగ్గర కడుపు క్యాన్సర్ తక్కువే. దేశం లోపల చూస్తే ఉత్తరాదిలో కంటే దక్షిణాదిలో, ఈశాన్యంలో ఎక్కువ, మిజోరం అన్నిటికంటే పైన. కాబట్టి ఏ ఇబ్బందీ లేనివాళ్లందరూ వరసకట్టి పరీక్ష చేయించుకోవాల్సిన పని లేదు. మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోవడం కూడా నాకు నచ్చని పని.

పరీక్ష ఎవరికి అవసరమంటే: అల్సర్ ఉన్నవాళ్లకు, ఒకప్పుడు ఉండి తగ్గినవాళ్లకు, అమ్మానాన్నలకో అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో కడుపు క్యాన్సర్ వచ్చినవాళ్లకు, ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్రలు గానీ దీర్ఘకాలం వాడాల్సి వచ్చినవాళ్లకు, కారణం తెలియని ఐరన్ లోపం ఉన్నవాళ్లకు, అజీర్తి వదలనివాళ్లకు.

పరీక్షలు మూడు రకాలు. యూరియా బ్రీత్ టెస్ట్‌లో ఒక మందు మింగించి, ఊపిరిని సంచిలోకి ఊదిస్తారు. స్టూల్ యాంటిజెన్ టెస్ట్‌కు మలం నమూనా ఇవ్వాలి. మూడోది, ఎండోస్కోపీ చేసేటప్పుడే చిన్న ముక్క తీసి చూడటం. రక్తంలో యాంటీబాడీలు చూసే పరీక్ష చవకే, కానీ క్రిమి పోయిన తర్వాత కూడా చాలాకాలం పాజిటివ్ చూపిస్తుంది. దాని మీద ఆధారపడి మందులు మొదలుపెట్టొద్దు.

ఇక్కడే చాలామంది డబ్బు దండగ చేసుకుంటారు. పరీక్షకు రెండు వారాల ముందు పాంటాప్రజోల్ రకం మాత్రలు, నాలుగు వారాల ముందు యాంటీబయాటిక్‌లు ఆపి ఉండాలి. లేకపోతే క్రిమి ఉన్నా నెగెటివ్ రావచ్చు. పొద్దున మాత్ర వేసుకుని వెళ్లి, రిపోర్టు బాగుందని సంబరపడటం వల్ల లాభం లేదు. మాత్ర ఆపాక మంట తట్టుకోలేకపోతే ఆ రెండు వారాలకు ఏం వాడొచ్చో డాక్టర్‌ను అడగండి. జెలూసిల్, డైజీన్ లాంటి మామూలు సిరప్‌తో చాలామంది నెట్టుకొస్తారు.

పాజిటివ్ వస్తే కోర్సు సాధారణంగా పద్నాలుగు రోజులు. క్లారిత్రోమైసిన్, మెట్రోనిడజోల్ మందులకు మన దగ్గర క్రిములు బాగా అలవాటు పడిపోయాయి. అయిన దానికీ కానిదానికీ యాంటీబయాటిక్‌లు కొనుక్కుని వాడిన ఫలితమిది. అందుకే ఇప్పుడు చాలామంది డాక్టర్లు బిస్మత్‌తో కలిపి నాలుగు మందుల కోర్సు రాస్తున్నారు. రోజుకు డజనుకు పైగా మాత్రలు కూడా కావచ్చు. నోరు చేదెక్కుతుంది, వికారంగా ఉంటుంది, బిస్మత్ వల్ల నాలుక, విరేచనం నల్లబడతాయి. ఇవన్నీ తాత్కాలికమే. ఐదో రోజుకు మంట తగ్గిందని ఆపేస్తే మిగిలిన క్రిములు మరింత మొండిగా తయారవుతాయి. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లూ మద్యం ముట్టకూడదు. టెట్రాసైక్లిన్ ఉంటే పాలు, పెరుగు, ఐరన్, కాల్షియం మాత్రలకూ దానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. పెరుగన్నం తిన్న వెంటనే వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. గర్భిణులైతే ఈ కోర్సు ఇప్పుడు కుదరదు, డాక్టర్‌కు ముందే చెప్పాలి.

కోర్సు అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి, మళ్లీ బ్రీత్ టెస్టో స్టూల్ టెస్టో చేయించాలి. ఈ మెట్టు దగ్గరే నూటికి తొంభై మంది ఆగిపోతారని నా అంచనా. మంట పోయిందంటే క్రిమి పోయినట్టు కాదు. మందు పనిచేయకపోతే వేరే కాంబినేషన్ ఇస్తారు.

ఇంత శ్రమకు ఫలితం ఉంటుందా? తైవాన్‌కు చెందిన మాత్సు దీవుల్లో కడుపు క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 2004 నుంచి పెద్దవాళ్లందరికీ పరీక్షలు చేసి, ఉన్నవాళ్లకు మందులిస్తూ వచ్చారు. కొత్త కేసులు సగానికి పడిపోయాయి. జపాన్ 2013 నుంచి ఈ క్రిమి వల్ల వచ్చే గ్యాస్ట్రైటిస్‌కు (కడుపు పొర వాపుకు) చికిత్సను ఆరోగ్య బీమాలో చేర్చింది.

పిల్లలకు సోకకుండా చూడటం మన చేతుల్లో ఉంది. మరుగుదొడ్డి నుంచి వచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగడం, శుభ్రమైన తాగునీరు, పెద్దవాళ్లు నమిలి పిల్లల నోట్లో పెట్టే అలవాటు మానడం.

మూడో పని: ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

ఆవకాయ మానేయమంటే మీరు ఇక్కడే చదవడం ఆపేస్తారని తెలుసు. నేనూ మానమనను. ముందు లెక్క చూద్దాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ గానీ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల ఉప్పు. తలకొట్టిన టీ స్పూన్ ఒకటి. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్ విప్పిన రోజున పెన్నుతో దాని మీద తేదీ వేయండి. నెల తిరక్కుండా అయిపోతే మీ ఇంట్లో ఉప్పు ఎక్కువైనట్టే. ఇందులో ఊరగాయలది, అప్పడాలది, బయట తిన్న బిర్యానీది, చిప్స్‌ది లెక్కలోకి రాలేదని కూడా గుర్తుంచుకోండి.

ఎక్కువ ఉప్పు కడుపు లోపలి జిగురు పొరను దెబ్బతీస్తుంది. అప్పటికే క్రిమి ఉన్నవాళ్లలో ఆ దెబ్బ ఇంకా ఎక్కువవుతుంది. అయితే నిజాయితీగా చెప్పాలంటే, ఈ పరిశోధనలు ఎక్కువగా జపాన్, కొరియా, చైనాల్లో ఉప్పునీటిలో ఊరబెట్టే కూరగాయల మీద, ఉప్పు చేపల మీద జరిగినవి. నూనె, ఆవపిండి వేసి పెట్టే మన ఊరగాయ అచ్చంగా అదే కాదు. కానీ ఉప్పు ఎందులో ఉన్నా ఉప్పే, కొలత పెట్టి పోసేటప్పుడు మీకే తెలుస్తుంది ఎంత పడుతోందో.

కాబట్టి చేయగలిగింది ఇది. నిల్వ పచ్చడి రోజుకు ఒక్క పూట, అదీ మొదటి ముద్దకు. పొద్దున ఇడ్లీలోకి, మధ్యాహ్నం పప్పులోకి, రాత్రి పెరుగన్నంలోకి అని మూడు పూటలా జాడీ దింపొద్దు. మిగతా పూటల్లో అప్పటికప్పుడు నూరుకునే రోటి పచ్చళ్లు చేసుకోండి: దోసకాయ, బీరపొట్టు, టమాట, కొత్తిమీర. వాటికి నిల్వ ఉండాల్సిన అవసరం లేదు కాబట్టి ఉప్పు తక్కువ వేసినా పాడయ్యే భయం లేదు. పచ్చడి, అప్పడం, చల్ల మిరపకాయలు మూడూ ఒకే భోజనంలో పెట్టకండి. పెరుగన్నంలో ఉప్పు కలపడం మానేసి చూడండి, కొన్నాళ్లకు నాలుక అలవాటు పడుతుంది.

కోస్తాలో ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఉప్పు చేప తినేవాళ్లు వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ఇంకోసారి కడిగి వండాలి. ఉప్పు కొంతైనా దిగుతుంది. వారానికి ఒకసారికి పరిమితం చేస్తే ఇంకా మేలు. ఫ్రిజ్‌లు వచ్చాక ఉప్పేసి నిల్వ చేసే అవసరం తగ్గి, తాజా కూరగాయలు, పళ్లు ఏడాదంతా దొరకడం మొదలయ్యాక అమెరికాలో కడుపు క్యాన్సర్ దశాబ్దాల తరబడి తగ్గుతూ వచ్చింది. 1930లలో అక్కడి మగవాళ్లలో క్యాన్సర్ మరణాలకు మొదటి కారణం ఇదే.

కారం సంగతేమిటని అడుగుతారు. గుంటూరు మిర్చి కడుపులో మంట పుట్టిస్తుంది, అల్సర్ ఉన్నవాళ్లను ఏడిపిస్తుంది. క్యాన్సర్ తెస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. కొన్ని పరిశోధనలు అతిగా తినేవాళ్లలో రిస్క్ ఉందంటే, కొన్ని సంబంధమే లేదన్నాయి. నా అభిప్రాయం ఏమిటంటే, మనం కారాన్ని తిట్టుకుంటూ దాని పక్కనే ఉన్న ఉప్పును వదిలేశాం.

నాలుగో పని: పొగాకు, మద్యం, కంచం

పొగాకు గురించి ఎక్కువ చెప్పను. సిగరెట్, బీడీ, చుట్ట కడుపు క్యాన్సర్‌కూ కారణమే. మిజోరంలో పొగాకు పొగను నీటిలోకి పంపి తయారుచేసే తుయిబర్ అనే ద్రవాన్ని నోట్లో పుక్కిలించే అలవాటుంది. అక్కడి కడుపు క్యాన్సర్లకు పరిశోధకులు చూపే కారణాల్లో అదొకటి, పొగబెట్టిన మాంసం మరొకటి. ఖైనీ, గుట్కా రసం కూడా గొంతు దాటి కడుపులోకే పోతుంది. మానడానికి సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800 112 356కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మద్యం రోజూ మూడు పెగ్గులు, ఆపైన తాగేవాళ్లలో ఈ క్యాన్సర్ రిస్క్ పెరుగుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో కడుపు పైభాగంలో, అన్నవాహిక కలిసే చోట వచ్చే రకం ఎక్కువ.

కంచంలో పళ్లు, కూరగాయలు కలిపి రోజుకు 400 గ్రాములు ఉండాలి. జామ, ఉసిరి లాంటి వాటిలోని సి విటమిన్ కడుపులో నైట్రోసమైన్లు అనే హానికర పదార్థాలు తయారవకుండా కొంత అడ్డుకుంటుంది. ఖరీదైన పళ్లు అక్కర్లేదు, జామకాయలో నారింజ కంటే సి విటమిన్ ఎక్కువ. సాసేజ్, సలామీ, బేకన్ లాంటివి పిల్లల టిఫిన్ డబ్బాల్లోకి ఈమధ్యే చేరుతున్నాయి. వాటిని అలవాటు చేయకపోవడమే మంచిది.

ఐదో పని: కుటుంబం చరిత్ర అడగండి

"తాతయ్య కడుపు నొప్పితో పోయాడు" అనే మాట మన ఇళ్లలో వింటుంటాం. అది అల్సరా, క్యాన్సరా, కాలేయమా ఎవరికీ తెలియదు. పెద్దమ్మలనో బాబాయిలనో అడిగి, ఎవరికి, ఏ వయసులో, ఏ ఆస్పత్రిలో ఏం చెప్పారో రాసి పెట్టుకోండి. అమ్మానాన్నలు, తోబుట్టువుల్లో ఒకరికి కడుపు క్యాన్సర్ ఉంటే మీకు వచ్చే అవకాశం రెండు, మూడు రెట్లు పెరుగుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా, యాభై ఏళ్ల లోపే వచ్చినా సీడీహెచ్1 అనే జన్యువులో లోపం ఉందేమో చూడాలి. జన్యు సలహా ఇచ్చే నిపుణుల దగ్గరికి పంపమని అడగండి. నెపోలియన్ 1821లో చనిపోయింది కడుపు క్యాన్సర్‌తోనేనని చాలామంది వైద్యుల అభిప్రాయం, ఆయన తండ్రి పోయింది కూడా కడుపు జబ్బుతోనే. అలాగని కుటుంబంలో వచ్చిందంతా జన్యువుల వల్లే కాదు. ఒకే ఇంట్లో ఒకే క్రిమి, ఒకే ఉప్పు కూడా పంచుకుంటారు.

ఎండోస్కోపీ చేయమంటే

భయపడి వాయిదా వేసేవాళ్లు ఎక్కువ. ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొడతారు, కావాలంటే మత్తు ఇస్తారు. లోపల చూసేది ఐదు నుంచి పది నిమిషాలే. కాస్త వాంతి వచ్చినట్టుంటుంది, అంతే. ముక్క తీసినా నొప్పి తెలియదు. మత్తు ఇచ్చిన రోజు బండి నడపకూడదు, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి.

రిపోర్టులో "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్" అని ఉంటే కంగారు పడకండి, కడుపు కింది భాగంలో వాపు అని అర్థం, చాలామంది రిపోర్టుల్లో అది ఉంటుంది. ఆర్‌యూటీ (తీసిన ముక్కతో చేసే రాపిడ్ యూరియేజ్ టెస్ట్) పాజిటివ్ అంటే హెచ్ పైలోరి ఉందని. "అట్రోఫీ" (గ్రంథులు క్షీణించడం), "ఇంటెస్టినల్ మెటాప్లాసియా" (పేగు కణాల్లాంటివి మొలవడం) అని ఉంటే క్యాన్సర్ కాదు గానీ, ఇందాక చెప్పిన మార్గంలో కొంత దూరం నడిచినట్టు. ఎంత మేర ఉందో డాక్టర్‌ను అడగండి. కడుపంతా వ్యాపించి ఉంటే సాధారణంగా మూడేళ్లకోసారి ఎండోస్కోపీ చేయించుకోమంటారు. "డిస్‌ప్లాసియా" (కణాలు గాడి తప్పడం) అంటే మాత్రం రోజులు గడపకుండా పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి. ఈ దశలోనూ, మరీ తొలి దశ క్యాన్సర్‌లోనూ కడుపు కోయకుండా ఎండోస్కోప్‌తోనే ఆ భాగాన్ని తీసేయగలరు.

కడుపులో పుండు ఉందని చెబితే ఒక ప్రశ్న తప్పక అడగండి: "ముక్క తీశారా, మళ్లీ ఎప్పుడు చూస్తారు?" చిన్నపేగు మొదట్లో వచ్చే డ్యుయోడినల్ అల్సర్ క్యాన్సర్ కావడం చాలా అరుదు. కడుపులోని గ్యాస్ట్రిక్ అల్సర్ అలా కాదు, కొన్నిసార్లు క్యాన్సరే పుండులా కనిపిస్తుంది, మాత్రలతో పైపైన మానినట్టు కూడా ఉంటుంది. అందుకే ఎనిమిది నుంచి పన్నెండు వారాల తర్వాత మళ్లీ ఎండోస్కోపీ చేసి, పూర్తిగా మానిందో లేదో చూస్తారు. ఆ తేదీని అక్కడే ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి, పాత రిపోర్టు, ఫొటోలు, బయాప్సీ కాగితం ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. ముందు పుండు ఎక్కడుందో తెలిస్తేనే రెండోసారి చూసే డాక్టర్ సరిగ్గా ఆ చోటు చూడగలరు.